2 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌కి ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలి? ముందు హార్డ్ డిస్క్ సంగతి చూడండి

మీరు చెప్పింది ఒకసారి చెప్పుకుందాం. 2012లో కొన్న ల్యాప్‌టాప్, రెండో తరం కోర్ ఐ3, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 7తో వచ్చింది, మధ్యలో ఎవరో 10 వేసిచ్చారు. ఇప్పుడు ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగొచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటోంది. ఎనిమిదో తరగతి అమ్మాయికి పాఠాల వీడియోలు, మీ ఆవిడకు తెలుగు టైపింగ్, మీకు బ్యాంకు పనులు. మీరుండేది కరీంనగర్. "అన్నిటికన్నా తేలికైన లినక్స్ ఏదో చెప్పండి, అదే వేసుకుంటా" అన్నారు. లినక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఓఎస్, చాలా రకాల్లో దొరుకుతుంది.

పద్దెనిమిదేళ్లుగా ఈ రిపేర్లే నా పని. "అన్నిటికన్నా తేలికైనది" అని అడిగినవాళ్లకు అడిగింది అడిగినట్టే వేసిచ్చి ఒకసారి భంగపడ్డాను. ముందు ఆ ముచ్చట చెబుతాను, తర్వాత మీ విషయానికొద్దాం.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఇలాంటి మెషీనే తెచ్చారు. నాకప్పుడు లినక్స్ పిచ్చి కొత్త. వెతికి వెతికి, ఏమీ తెరవనప్పుడు 200 ఎంబీ ర్యామ్ కూడా తీసుకోని సిస్టమ్ ఒకటి వేశాను. ఆయన ముందే ఆన్ చేసి చూపించాను, చకచకా లేచింది. మాస్టారు ఆశీర్వదించి మరీ వెళ్లారు. వారం తిరక్కుండా సంచీతో మళ్లీ గుమ్మంలో ఉన్నారు. "స్పీడుగానే ఉంది బాబూ, కానీ పెన్‌డ్రైవ్ పెడితే ఎక్కడికి పోతోందో తెలీదు. సౌండ్ పెంచే గుర్తు లేదు. పేపరు తెరిస్తే ఒత్తులన్నీ విడివిడిగా పడుతున్నాయి. పేపరు, యూట్యూబ్ రెండూ తెరిస్తే పాతదాని లాగే బిగుసుకుపోతోంది." మొదటి మూడూ గంటలో సరిచేసి ఇచ్చాను. నాలుగోది మాత్రం నా వల్ల కాలేదు. మీ ప్రశ్నకు జవాబు ఆ నాలుగో దాంట్లోనే ఉంది.

లెక్క చూడండి. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి మామూలు తేలికపాటి డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు సుమారు 600, 700 ఎంబీ తీసుకుంటుంది. మరీ బక్కపలచని సిస్టమైతే 200తో సరిపెట్టుకుంటుంది. మీరు కష్టపడి మిగిల్చేది నాలుగైదు వందల ఎంబీ. అదే ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో ఒక యూట్యూబ్ వీడియో, పక్కన రెండు ట్యాబ్‌లు తెరిస్తే ఒక జీబీ నుంచి ఒకటిన్నర దాకా మింగేస్తుంది. బ్రౌజర్‌కి మీరు వేసింది ఏ ఓఎస్ అన్నది పట్టదు. 2 జీబీలో రెండూ ఇరుకే, 4 జీబీలో రెండూ హాయిగా నడుస్తాయి. ఇంట్లో ఏనుగును పెట్టుకుని గుమ్మం దగ్గర చీమలు ఏరుతున్నట్టుంటుంది ఈ తేలిక ఓఎస్‌ల వెతుకులాట.

కాబట్టి ఓఎస్ ఎంచుకునే ముందు ఒక చిన్న పని చేయండి. ఇప్పుడున్న విండోస్‌లోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ గ్రాఫులు కనిపిస్తాయి. మీ మెషీన్‌లో సీపీయూ ఇరవై, ముప్పై శాతం దగ్గర తిరుగుతుంటుంది, డిస్క్ మాత్రం 100 దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంటుంది. ఈ తరం మెషీన్లలో నేను తొంభై వంతులు చూసేది ఇదే. ప్రాసెసర్ ముసలిదై నెమ్మదించలేదు, హార్డ్ డిస్క్ నుంచి సరుకు రావడం లేదని ఖాళీగా కూర్చుంది. తిరిగే పళ్లెం మీద సూది అటూ ఇటూ జరుగుతూ చదివే హార్డ్ డిస్క్ చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చొప్పున ఇవ్వడమే గగనం. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌ల మీద దాచే ఎస్‌ఎస్‌డీ వేలల్లో ఇస్తుంది. పైగా ర్యామ్ నిండగానే సిస్టమ్ మిగతాది అదే హార్డ్ డిస్క్ మీదికి తోస్తుంది. ఇక చక్రం తిరగక ఏం చేస్తుంది?

అందుకని నా వరస ఇది: ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్, ఆ తర్వాతే ఓఎస్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే ఓఎస్ ఉచితం.

ఎస్‌ఎస్‌డీ అంటే రెండున్నర అంగుళాల సాటా రకం, 240 జీబీ చాలు. మీది సాటా పోర్టే, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తే పావుగంట పని. పాత హార్డ్ డిస్క్ పారేయకండి. డీవీడీ డ్రైవ్ ఎలాగూ వాడరు కదా, అది ఊడదీసి ఆ చోట క్యాడీ అనే చిన్న ఫ్రేములో పెట్టేస్తే ఫొటోలు దాచుకోవడానికి పనికొస్తుంది. క్యాడీలు రెండు మందాల్లో వస్తాయి, 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు. డ్రైవ్ ఊడదీసి స్కేలుతో కొలిచి కొనండి. నేను ఒకసారి అంచనాగా తెచ్చి షాపుకి రెండుసార్లు తిరిగాను.

ర్యామ్ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. అడుగున మూత తెరిస్తే స్లాట్లు కనిపిస్తాయి, చాలా మెషీన్లలో రెండుంటాయి. మీది ఒకదాంట్లోనే 2 జీబీ ఉండి, రెండోది ఖాళీ అయితే అదృష్టం. 4 జీబీ డీడీఆర్3 ముక్క ఒకటి కొని పెడితే మొత్తం 6 అవుతుంది, మీ ముగ్గురి పనులకూ అది ధారాళం. ముక్క మీద పీసీ3-10600 అని ఉంటే సరిగ్గా మీదే. పీసీ3ఎల్ అని ఉన్నా, అంటే తక్కువ వోల్టేజి రకమైనా, మీ దాంట్లో నడుస్తుంది. దీనికి తిరగేసింది మాత్రం కుదరదు. నాలుగో తరం నుంచి వచ్చిన పలచటి ల్యాప్‌టాప్‌లకు ఎల్ రకమే కావాలి, మామూలు డీడీఆర్3 పెడితే అసలు లేవవు. ఇవి కొత్తవి కొనక్కర్లేదు. హైదరాబాద్ వచ్చే పనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయం ఉంది కదా, అక్కడ పాత మెషీన్లలోంచి తీసిన ముక్కలు దొరుకుతాయి. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి అక్కడే పెట్టించి, ఆన్ చేసి 6 జీబీ చూపిస్తేనే డబ్బులివ్వండి.

ఈ రెండూ అయ్యాక విండోస్ 10 కూడా తిన్నగానే నడుస్తుంది, నిజం చెప్పాలంటే. కానీ దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకానే. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం నుంచీ ఉండాలంటుంది. మీది రెండో తరం. ఆ అడ్డంకులు దాటించి వేసేవాళ్లున్నారు, నేను వేయను. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే మెషీన్‌లో "ఎప్పుడు ఏ అప్‌డేట్‌కి ఆగిపోతుందో" అన్న టెన్షన్ మీకెందుకు? ఇంకో మాట, షాపుల్లో "లైట్ విండోస్" అని ఒకటి వేస్తుంటారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు విండోస్‌లో కొన్ని ముక్కలు కత్తిరించి, యాంటీవైరస్ కూడా పీకేసి నెట్‌లో పెట్టిన ఫైలు అది. తీసేసినవి ఏవో వాళ్లు చెబుతారు, కలిపినవి చెబుతారా? ఆటలాడుకునే మెషీన్‌కైతే మీ ఇష్టం, బ్యాంకు పనికి మాత్రం వద్దు.

మీకు నేను చెప్పేది లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. వెర్షన్ 22 వరస తీసుకోండి, ఉబుంటు అనే ఇంకో లినక్స్ 24.04 వెర్షన్ మీద కట్టింది, 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, వైఫై, సౌండ్. విండోస్ 7 వాడిన చేయి అక్కడికే పోతుంది, కొత్తగా నేర్చుకునేది పెద్దగా లేదు. పెన్‌డ్రైవ్ పెడితే తెర మీద కనిపిస్తుంది. మాస్టారి దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఇది.

ఉబుంటులోనే తేలిక రకమైన లుబుంటు ఇంకొంచెం తేలిక కదా అంటారు. నిజమే, చెడ్డదేం కాదు. కానీ దాని 24.04కి అప్‌డేట్లు మూడేళ్లే, అంటే 2027 ఏప్రిల్ దాకా. పైగా ఉబుంటు కుటుంబంలో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే మూటలో వస్తుంది, ఆన్ చేసిన తర్వాత మొదటిసారి తెరిచేటప్పుడు నీరసంగా లేస్తుంది. మింట్ వాళ్లు ఆ మూట విప్పి మామూలు ప్యాకేజీగా ఇస్తారు. పాత మెషీన్‌లో ఈ తేడా చేతికి తెలుస్తుంది. డెబియన్ అనే ఇంకో లినక్స్ నాకు ఇష్టం, నా సొంత మెషీన్‌లో అదే ఉంది. కానీ ఇంట్లో ముగ్గురు వాడే దానికి, మీరే మొదటిసారి వేస్తున్నప్పుడు, మింట్‌లో ఉన్న అప్‌డేట్ మేనేజర్, డ్రైవర్ మేనేజర్ లాంటి సౌకర్యాలు విలువైనవి.

గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గురించి కూడా అడుగుతారని తెలుసు. బ్రౌజర్ తప్ప ఇంకేం వాడని ఇంటికి అది మంచిదే, ఎవరూ దాన్ని పాడు చేయలేరు. 4 జీబీ ర్యామ్ కావాలి, డిస్క్ మొత్తం తుడిచేసి కూర్చుంటుంది, పక్కన విండోస్ ఉండనివ్వదు. ప్లే స్టోర్ యాప్‌లు రావు, ఆ ఆశతో వేసుకున్నవాళ్లే ఎక్కువ. నెట్ పోయినప్పుడు చేసుకునే పనీ తక్కువే. మీ ఇంట్లో టైపింగ్ ఉంది కాబట్టి నేను అటు పోను.

టైపింగ్ అన్నారు కదా, నాకు అసలు అనుమానం అక్కడే. మీ ఆవిడ ఏ పద్ధతిలో కొడతారు? యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లోనూ వెబ్‌సైట్లలోనూ వాడే పద్ధతిలో అయితే ఏ ఇబ్బందీ లేదు. మింట్‌లో వేరే భాషలు టైపు చేయించే ఐబస్, దానికి తోడు ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసి, ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్స్‌లో ఐబస్ ఎంచుకుని ఒకసారి లాగ్ అవుట్ అయి రండి. తెలుగు కింద ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్, యాపిల్ లేఅవుట్లు కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ కూడా వేయండి, పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. తెరిచిన పేజీలో ఒత్తులు సరిగ్గా కూర్చోవాలంటే ఫాంటు ఉండాలి, మాస్టారి దాంట్లో లేనిది అదే.

కానీ ఆవిడ డీటీపీ పని చేస్తుంటే, అంటే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, పాంప్లెట్లు చేస్తుంటే, నేను ఇంతవరకు చెప్పిందంతా పక్కన పెట్టండి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌లో తప్ప నడవదు. ఆ ఫైళ్లు లినక్స్‌లో తెరిస్తే ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి కనిపిస్తుంది. అలాంటప్పుడు పాత హార్డ్ డిస్క్‌లో విండోస్‌ని అలాగే ఉంచి, దాన్ని నెట్‌కి కలపకుండా డీటీపీకి మాత్రమే వాడండి, నెట్ పనులన్నీ ఎస్‌ఎస్‌డీలో ఉన్న మింట్ మీద చేసుకోండి. ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. మా ఊళ్లో రెండు ప్రింటింగ్ ప్రెస్సులకు ఇలాగే చేసిచ్చాను, నడుస్తున్నాయి. ట్యాలీ వాడేవాళ్లకూ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి టెండర్లు వేసేవాళ్లకూ కూడా చాలావరకు విండోసే దిక్కు. అమ్మాయి పాఠాలు, ఈఏపీసెట్ మాక్ టెస్టులు, దీక్ష పోర్టల్, స్క్రాచ్ ప్రోగ్రామింగ్ అన్నీ బ్రౌజర్‌లోనివే, వాటికి దిగులు లేదు.

వేసే ముందు, డిస్క్ తుడవకుండానే మింట్‌ని ఒకసారి నడిపి చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, రూఫస్, ఎచర్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో మింట్ ఫైలుని దానిమీద రాసి, ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 లేదా ఎఫ్9 లేదా ఎస్కేప్ నొక్కితే ఎక్కడినుంచి లేవాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ మీదినుంచే డెస్క్‌టాప్ మొత్తం వచ్చేస్తుంది, మీ డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా కదలదు. మెల్లగా ఉంటుంది, కంగారుపడకండి, అది పెన్‌డ్రైవ్ వేగం. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, కెమెరా తెరుచుకుందా, వెలుగు పెంచే తగ్గించే బటన్లు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా అని ఒక్కొక్కటీ చూడండి. ప్రింటర్ ఉంటే అది కూడా పెట్టి ఒక పేజీ కొట్టి చూడండి. మన ఊళ్ల జిరాక్స్ షాపుల్లో కనిపించే పాత బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్లు కొన్ని లినక్స్ దగ్గర మొండికేస్తాయి.

ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైఫై కార్డు ఉంటే మొదటిసారి నెట్ దొరకకపోవచ్చు. డ్రైవర్, అంటే ఆ కార్డుని నడిపే ప్రోగ్రాం, దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న వ్యవహారం. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, క్షణంలో నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ పేరు చూపించి, వేయమంటావా అని అదే అడుగుతుంది.

ఇంకోటి, పదమూడేళ్లు దాటిన మెషీన్ కాబట్టి బోర్డు మీద నాణెం బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. ఛార్జర్ తీసి ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏ 2011కో వెనక్కి పోతుంది. అప్పుడు బ్యాంకు సైటే కాదు, ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. దీన్ని వైరస్ అనుకుని ఫార్మాట్ల మీద ఫార్మాట్లు కొట్టించుకున్నవాళ్లను చూశాను. చాలా మెషీన్లలో ఉండేది సీఆర్2032 బిళ్ల, వాచీల షాపులో దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టేటప్పుడే మార్చేయండి. మూత తెరిచారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము కూడా బ్రష్‌తో దులపండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దాన్ని ఏ ఓఎస్సూ బాగుచేయలేదు.

మింట్ వేశాక రెండు మూడు పనులున్నాయి. యూట్యూబ్ ఇప్పుడు వీడియోలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో పంపుతుంది. మీ ప్రాసెసర్‌లో వీడియో విప్పే సర్క్యూట్‌కి ఈ రెండూ తెలియవు, యూట్యూబ్ పంపేవాటిలో దానికి తెలిసింది హెచ్.264 ఒక్కటే. మిగతావి వస్తే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ హోరెత్తిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఇఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్‌ని హెచ్.264లోనే పంపమని అడుగుతుంది. అమ్మాయి పాఠం చూసేటప్పుడు ఫ్యాన్ ఊరుకుంటే ఇది పనిచేసినట్టే. మీ తెర 1366 బై 768 అయ్యుంటుంది, కాబట్టి 720 మించి పెట్టి లాభం లేదు. దాంతోపాటు ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ వేయండి. తెలుగు న్యూస్ సైట్లలో వార్త కన్నా ప్రకటనల బరువే ఎక్కువ, అది తీసేస్తే ర్యామ్ చాలా మిగులుతుంది. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని సిస్టమ్‌ని కాపీ తీసిపెట్టే ప్రోగ్రాం ఉంది. వారానికొకటి చొప్పున రెండు కాపీలు ఉంచమని చెప్పండి, అంతకు మించితే 240 జీబీ తెలియకుండానే నిండిపోతుంది.

ర్యామ్ పెంచడం ఇప్పట్లో కుదరదంటే, ఎస్‌ఎస్‌డీ ఒక్కటైనా వేసి జెడ్‌ర్యామ్ ఆన్ చేసుకోండి. ర్యామ్‌లో వాడనివాటిని డిస్క్ మీదికి తోయకుండా అక్కడే నొక్కి పెడుతుంది, 2 జీబీ మెషీన్‌కి కొంత ఊపిరి పోస్తుంది. అప్పుడు మాత్రం లుబుంటు వైపు మొగ్గుతాను, ట్యాబ్‌లు రెండు దాటకూడదన్న ఇంటి నియమంతో సహా.

ఈ సమాధానం చదివే వేరేవాళ్ల కోసం ఒక ముక్క. ప్రాసెసర్ 32 బిట్‌దైతే కథ వేరు. విండోస్‌లో సిస్టమ్ సమాచారం తెరిస్తే "32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్" అని కనిపించొచ్చు. అందులో రెండో సగమే చూడండి, అలా ఉంటే నిక్షేపంగా 64 బిట్ మింట్ వేసుకోవచ్చు. నిజంగా 32 బిట్‌వి, ఆటమ్ ఎన్270 ఉన్న బుల్లి నెట్‌బుక్‌ల లాంటివి, వాటికి దారులు మూసుకుపోతున్నాయి. లినక్స్‌లో క్రోమ్ వాటిని 2016లోనే వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 144తో ఆపేసింది. డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ 23 అనే తేలిక లినక్స్‌కి 32 బిట్ ఎడిషన్ ఉంది, అది వేసి పాటలకో ఉత్తరాలు టైపు చేసుకోవడానికో వాడుకోండి. దానిమీద డబ్బు మాత్రం పెట్టకండి.

మళ్లీ మీ దగ్గరికి. మూత తెరిచే ముందు పాత డిస్క్‌లోని ఫొటోలు వేరే డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాంతో ఆ డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో హెచ్చరిక చూపిస్తే దాన్ని క్యాడీలో పెట్టే ఆలోచన మానుకోండి. పెన్‌డ్రైవ్ మీద మింట్ లేచాక వైఫై పట్టకపోతే లోపలి కార్డు మీద ఉన్న నంబరు, ప్రింటర్ మోడల్, మీ ఆవిడ అను ఫాంట్లు వాడతారో లేదో, ఈ మూడూ రాయండి.